ఆఫర్ లెటరూ ప్రభువు బల్లా: బెంగళూరు తెలుగు సంఘం నుంచి ఒక కేసు

బెంగళూరు తూర్పు వైపున్న ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో కౌన్సెలింగ్ పరిచర్య చూస్తుంటాను. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఉండే ఐటీ కుటుంబాలే మా సంఘంలో ఎక్కువ. ఈ కేసు రాయడానికి ఆ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు, రాసింది చదివారు కూడా. ఊరు, కులం, కంపెనీలు, హోదా, పిల్లల సంగతులు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. నకిలీ అనుభవం కాగితాలతో ఉద్యోగంలో చేరి, ఏళ్ల తర్వాత ఆ బరువుతో వచ్చే మనిషి మన సంఘాల్లో అరుదేమీ కాదు. అతను వస్తే కొందరు కాపరులు ఒక వాక్యం చెప్పి పంపేస్తున్నారు, కొందరు అక్కడికక్కడే రాజీనామా చేయిస్తున్నారు. ఈ రెండింటికీ మధ్య కూర్చుని చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పని గురించే ఈ కేసు.

నేపథ్యం

అతనికి ముప్పై అయిదు దాటాయి. కోస్తాలో ఒక పల్లె. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి కూలికి వెళ్లి కొడుకునీ కూతురినీ పెంచింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజినీరింగ్ చదివాడు. 2008లో మొదలైన మాంద్యం దెబ్బకి వాళ్ల కాలేజీకి కంపెనీలు రావడం మానేశాయి. పట్టా చేతికొచ్చి రెండేళ్లు గడిచినా ఉద్యోగం లేదు. బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే పీజీలో నలుగురుండే గదిలో చేరి, ఒక ట్రైనింగ్ సెంటర్లో కోర్సు చేశాడు. ఫ్రెషర్ అంటే ఎవరూ ఇంటర్వ్యూకి పిలవలేదు. గదిలో మిగతా ముగ్గురూ 'ఫేక్ పెట్టి' ఉద్యోగాల్లో చేరిపోయారు.

ఐటీ గురించి తెలియని కాపరుల కోసం ఇది కాస్త వివరంగా చెప్పాలి. కొన్ని కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని, పేరుకి మాత్రమే ఉన్న ఏదో చిన్న కంపెనీ పేరు మీద ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారుచేసి ఇస్తాయి. చేరబోయే కంపెనీ నుంచి వెరిఫికేషన్ ఫోన్ వస్తే కన్సల్టెన్సీ మనిషే హెచ్‌ఆర్‌లా మాట్లాడతాడు. 2012లో అతను అలా మూడేళ్ల అనుభవం కొనుక్కున్నాడు. దానికి కట్టిన డబ్బు తల్లి డ్వాక్రా గ్రూపులో తెచ్చిన అప్పు. కోర్సు ఫీజు అని ఆమెకి చెప్పాడు. ఎన్ని కంపెనీలు మారినా ఉద్యోగికి ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, యూఏఎన్, వచ్చింది 2014లో. అంతకుముందు ఏ కంపెనీ పీఎఫ్ నంబరు ఆ కంపెనీదే, ఒక మనిషి ఎక్కడెక్కడ పనిచేశాడో ఒకచోట కనబడేది కాదు. అందుకే ఎవరికీ దొరకలేదు.

చేరాక పని నేర్చుకున్నాడు. మొదటి ఏడాదంతా రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాడని అప్పటి స్నేహితులూ చెబుతారు. నిజంగా సమర్థుడు. ఒకసారి కంపెనీ మారాడు, మేనేజర్ అయ్యాడు. చెల్లి పెళ్లి చేశాడు, అప్పులు తీర్చాడు, వైట్‌ఫీల్డ్ దగ్గర లోన్ మీద ఫ్లాట్ కొన్నాడు. ఊరి మందిరానికి రేకులు తీయించి స్లాబ్ వేయించాడు. ఆ స్లాబ్ ప్రతిష్ఠ రోజున ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న మాట ఎత్తి సాక్ష్యం చెప్పాడు. నర్సింగ్ చదివిన అమ్మాయితో పెళ్లయింది, ఆ సంబంధం ఆ సాక్ష్యం విన్న పెద్దల ద్వారానే వచ్చింది. మా సంఘంలో కూడా కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో ఆ వచనం ఎవరికి వచ్చినా ముందు అతని పేరే గుర్తుచేసుకునేవాళ్లు.

ఏం అడగడానికి వచ్చాడు

"అన్నా, ఒక ఆఫర్ వచ్చింది. దేవుని చిత్తమో కాదో ప్రార్థన చేసి చెప్పండి" అని వచ్చాడు. పెద్ద విదేశీ కంపెనీ, జీతం దాదాపు 60 శాతం ఎక్కువ. ఇలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్లు సాధారణంగా ఆఫర్ గురించి మాట్లాడతారు: జీతం, దూరం, కొత్త మేనేజరు, పిల్లల స్కూలు. ఇతను అవేవీ ఎత్తలేదు. నిద్ర పట్టడం లేదన్నాడు, ఆదివారాల గురించి మాట్లాడాడు. కొన్ని నెలలుగా ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో, చేయి వేయడం లేదని మెల్లగా చెప్పాడు. పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్లకి అందిస్తున్నాడు. భార్య చూసి అడిగితే ఆఫీసు టెన్షన్ అన్నాడట.

ఆఫర్ సంగతి పక్కనపెట్టి బల్ల ఎప్పుడు మానావని అడిగాను. ఆ తేదీ అతనికి బాగా గుర్తుంది. అంతకుముందు వారం అతని టీమ్‌లోకి ఒక తెలుగు కుర్రాడు ఎంపికయ్యాడు. కాగితాల మీద అనుమానం వచ్చి హెచ్‌ఆర్ వాటిని ఇతనికి పంపి అభిప్రాయం అడిగింది. రిలీవింగ్ లెటర్ తెరిచి చూస్తే, చివరి పేరాలో అతను 2012లో కొనుక్కున్న ఉత్తరంలోని వాక్యమే ఉంది. ఇంగ్లీషులో అదే తప్పుతో సహా ఉంది. కంపెనీ పేరొక్కటే వేరు. అది ఫేక్ అని చూడగానే అతనికి తెలిసిపోయింది. తెలిసింది రాయడం అతని ఉద్యోగ బాధ్యత, రాశాడు. కుర్రాడి ఆఫర్ రద్దయింది, మళ్లీ ఆ కంపెనీలో అప్లై చేయకుండా పేరు పక్కన పెట్టేశారు.

"నూరు దేనారాలు అచ్చియున్నవాణ్ని గొంతు పట్టుకున్నవాణ్ని నేనే అన్నా" అన్నాడు. మత్తయి 18లోని ఉపమానం: తన పెద్ద అప్పు మాఫీ అయిన దాసుడు, తనకి చిన్న బాకీ ఉన్న తోటి దాసుణ్ని గొంతు పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా బైబిల్ చదువుతున్న మనిషి, తన కథ తనకి ఎక్కడ దొరికిందో అతనికి నేను చెప్పాల్సిన పనిలేదు.

దాని మీద ఈ ఆఫర్. కొత్త కంపెనీ మొదటి నుంచి చేసిన ఉద్యోగాలన్నీ రాసి, పైన చెప్పినవన్నీ నిజమని సంతకం పెట్టమంటోంది. యూఏఎన్ సర్వీస్ హిస్టరీ, పన్ను కాగితాలు జతచేయమంటోంది. ఇటు పోర్టల్‌లో ఫారం సగం నింపి ఉంది. అటు సంఘంలో ఎవరి ద్వారానో ఆఫర్ సంగతి తెలిసి, కృతజ్ఞత కూడికలో సాక్ష్యం చెప్పమని అడిగారు.

మొదటిసారి కూర్చున్నప్పుడే ఒక సంగతి స్పష్టంగా చెప్పాను. వకీలుకి చెప్పుకున్నదానికి చట్టంలో రక్షణ ఉంది, పాస్టరుకో కౌన్సెలర్‌కో చెప్పుకున్నదానికి మన దేశంలో అలాంటి రక్షణ లేదు. నా నోటి నుంచి బయటికి పోదు, కానీ అది నా మాట మాత్రమే, చట్టం ఇచ్చిన హామీ కాదు. ఇది వినగానే కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లినా సరే, ముందే చెప్పాలన్నది నా పద్ధతి. అతను కూర్చున్నాడు.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి వచ్చేసరికే అతను చాలా చేసి ఉన్నాడు. అవి ఎందుకు పనిచేయలేదో చూడటంలోనే తర్వాతి దారి తెలిసింది.

దశమభాగాన్ని రెండింతలు చేశాడు. ఉపవాసాలు ఉన్నాడు. ఒక అనాథాశ్రమానికి నెలనెలా పంపడం మొదలుపెట్టాడు. ఇచ్చిన రోజు కాస్త తేలిగ్గా ఉండేదట, వారం తిరిగేసరికి మళ్లీ అదే. లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు ఇద్దరం కలిసి చదివాం. పొరుగువాణ్ని మోసం చేసినవాడు ముందు సొత్తుదారుకి సొమ్ము తిరిగిచ్చి, దాని మీద అయిదో వంతు కలపాలి. బలి ఆ తర్వాత. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిందీ ఇదే వరుస: అర్పణ బలిపీఠం ముందు విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడాలి. అతను చేస్తున్నది తలకిందుల వరుస. మనుషులకి తీర్చాల్సిన బాకీని దేవుని ఖాతాలో జమ చేస్తున్నాడు. ఎంత వేసినా ఇవతలి బాకీ తగ్గదు.

సంఘంలో ఒక పెద్దాయనకి కొంత చెప్పుకున్నాడు. ఆయన ప్రేమతోనే, "ఒప్పుకున్నావు, రక్తం కడిగింది, మళ్లీ తవ్వకు" అన్నారు. 1 యోహాను 1:9 ఆధారంగా చెప్పిన మాట, క్షమాపణ గురించి ఆయన చెప్పింది సత్యమే. కానీ పోర్టల్‌లో ఫారం ఇంకా తెరిచే ఉంది. 2012 నుంచి 2009కి వెనక్కి రాసిన ఆ మూడేళ్లు మళ్లీ ఇప్పుడు రాయాలి, రాసి సంతకం పెట్టాలి. కడిగిన చేత్తోనే అదే పని మళ్లీ చేయాలి. పెద్దాయనకి ఈ ఫారం సంగతి అతను చెప్పలేదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఒక యవ్వనస్థుల కూడికలో ప్రసంగీకుడు, "దేవుని కోసం ఉద్యోగం వదిలినవాడికి దేవుడు రెండింతలు ఇచ్చి తీరతాడు" అని యోబు చివరి అధ్యాయం చూపించి చెప్పాడట. ఆ రాత్రే ఇతను రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టాడు. నాకు ఫోన్‌లో చూపించాడు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఉంది.

దాన్ని పంపొద్దన్నాను. భార్యకి ఇంకా ఏమీ తెలియదు, ఆమె జీవితాన్ని ఆమెకి చెప్పకుండా మార్చేసే హక్కు అతనికి లేదు. ఆ మెయిల్‌లో నిజం ఒక్క ముక్క కూడా లేదు, నష్టం మాత్రమే ఉంది. దాన్ని పంపితే ఉద్యోగం పోతుంది, అబద్ధం అలాగే ఉంటుంది. మూడోది, నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది, అతను రెండింతలు వస్తాయని నమ్ముతున్నాడు. రాకపోతే అతని విశ్వాసం ఏమవుతుంది? దానియేలు 3వ అధ్యాయంలో ఆ ముగ్గురూ రాజుతో చెప్పింది: మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షింపకపోయినా నీ ప్రతిమకి నమస్కరించం. ఆ 'రక్షింపకపోయినను' దాకా వెళ్లనివాణ్ని అగ్నిగుండం వైపు నెట్టకూడదు. జీతం పెరగాలని చెప్పిన అబద్ధమూ, జీతం పెరుగుతుందని చెప్పే నిజమూ ఒకే చోట మొక్కుతున్నాయి.

పని ఎక్కడ మొదలుపెట్టాం

అతని మనసులో అంతా ఒకే ముద్దగా ఉంది. "నా జీవితమే ఫేక్ అన్నా" అనేవాడు. అలా అన్నంత కాలం ఏమీ చేయలేడు, ఎందుకంటే జీవితాన్నంతా ఎవరూ సరిచేయలేరు. అందుకని విడదీశాం. 2012లో చెప్పిన అబద్ధం ఒకటి, అది జరిగిపోయింది. ఇప్పుడున్న కంపెనీ ఫైలులో అతని సంతకంతో ఉన్న అబద్ధం ఇంకొకటి, అది ఇంకా బతికే ఉంది. కొత్త ఫారంలో రాయబోయేది మూడోది, అది ఇంకా పుట్టలేదు.

మూడోదానితో మొదలుపెడదామన్నాను. ఇంకా చేయని తప్పు మానేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ నష్టం లేదు, ఒక లాభం వదులుకోవడం తప్ప. పాత పాపాల బరువుతో కూలబడిన మనిషికి ముందు తన చేతిలో ఉన్న ఒక చిన్న పని కనబడాలి. ఫారం గడువు పొడిగించమని కంపెనీకి మెయిల్ పెట్టాడు. ఆ సమయంలో ఇంట్లో చెప్పాలి.

భార్యతో మాట

ఆమెకి అతనే చెప్పాలి, నేను పక్క గదిలో ఉంటానన్నాను. ఎందుకంటే నా ముందు చెబితే ఆమెకి కోప్పడే స్వేచ్ఛ ఉండదు. తర్వాత ముగ్గురం కూర్చున్నాం.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న నేను ఇప్పటికీ ఇలాంటి ప్రతి కేసులో నా ముందు పెట్టుకుంటాను. "అన్నయ్య గారూ, ఈయన మనశ్శాంతికి నా పిల్లల ఫీజులు కట్టాలా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు, అడగాల్సిన ప్రశ్నే అన్నాను. ఒప్పుకోలులో కూడా స్వార్థం ఉండొచ్చు. తన గుండె తేలికపడటం కోసం మనిషి తన బరువును ఇంట్లోవాళ్ల మీదికి దించేయొచ్చు. అందుకని అక్కడి నుంచి ప్రతి అడుగుకీ ఒక పరీక్ష పెట్టుకున్నాం: ఈ నిజం ఎవరికి బాకీ? వాళ్లకి దీనివల్ల జరిగే మేలేమిటి? నష్టం ఎవరి మీద పడుతుంది, వాళ్లు ఒప్పుకున్నారా?

తర్వాత తెలిసింది, ఆమె బాధలో ఉద్యోగం రెండోది. "స్లాబ్ ప్రతిష్ఠ వీడియో మా నాన్న నాకు పంపారు. అది చూసి ఏడ్చి, ఇలాంటి మనిషి కావాలని ప్రార్థన చేసుకున్నాను" అంది. అతను తలెత్తలేదు. కంపెనీని మోసం చేశానని అతను అనుకుంటున్నాడు. కానీ ఆ సాక్ష్యాన్ని నమ్మి జీవితం ఇచ్చినది ఈమె. బాకీల పట్టికలో ఈమె పేరే లేదు, ఆ రోజు మొదటి వరుసలో రాసుకున్నాం. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మా పని పూర్తిగా వీళ్లిద్దరి మధ్యే నడిచింది. పాస్టర్ అమ్మగారు ఆమెతో విడిగా కూర్చున్నారు. ఆమె ఒప్పుకునేదాకా కంపెనీ మాట ఎత్తకూడదని నేను అతనితో గట్టిగా చెప్పాను. అతనికి ఇది కష్టమైంది, ఎందుకంటే ఒకసారి నిజం చెప్పాలని నిశ్చయించుకున్నవాడికి ఆగడం అవిధేయతలా కనిపిస్తుంది. భార్యాభర్తలు ఏకశరీరం అన్న మాట నమ్మితే, ఆమె కోసం ఆగడం కూడా విధేయతలో భాగమే.

చివరికి ఆమే దారి చూపింది. డ్యూటీకి మళ్లీ వెళ్తానంది. పెళ్లయ్యాక మానేసిన నర్సు ఉద్యోగం. "జీతం తక్కువైనా ఇంట్లో ఒకరి కాగితాలన్నీ నిజంవి ఉంటాయి" అంది.

వకీలు, లెక్కలు

ఈ భాగం ఆత్మీయమైంది కాదని చాలామంది కౌన్సెలర్లు వదిలేస్తారు. వదలకూడదు.

వకీలు చెప్పినది క్లుప్తంగా: నకిలీ పత్రాలు అసలువిగా చూపడం నేరమే. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, అంతకు ముందు చేసినదానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. తప్పుడు సమాచారం ఇస్తే ఎప్పుడైనా తీసేయొచ్చని నియామక పత్రంలోనే ఉంటుంది. గ్రాట్యుటీ ఆపే అవకాశమూ ఉంది. ఏం రాయాలన్నా తనకి చూపించి రాయమన్నారు.

లెక్కలు ఆమే రాసింది. ఫ్లాట్ ఈఎంఐ, కారు ఈఎంఐ, స్కూలు, తల్లి మందులు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి ముందే కుటుంబానికి విడిగా హెల్త్ పాలసీ తీసుకున్నారు. కారు అమ్మేశారు. ఫ్లాట్ అద్దెకిచ్చి కేఆర్ పురం అవతల చిన్న ఇంట్లోకి మారడానికి సిద్ధపడ్డారు. కీర్తన 15లో ఒక మాట ఉంది, నష్టం కలిగినా మాట తప్పనివాడి గురించి. ఆ నష్టం ఎంతో ముందే లెక్కేసుకుని ఒప్పుకున్నవాడు తర్వాత దేవుని మీద అలగడు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగారు.

ఏం చేశాడు, ఏం జరిగింది

కొత్త కంపెనీ ఫారంలో ఆ మూడేళ్లు రాయలేదు. తన పాత రెజ్యూమెలో ఉన్న మొదటి ఉద్యోగం నిజం కాదని, అసలు అనుభవం ఇంత అని రిక్రూటర్‌కి మెయిల్ పెట్టాడు. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఇప్పుడున్న కంపెనీకి చెప్పాలా అన్నదాని మీద నేను ఏ వైపూ నెట్టలేదు. చెప్పకుండా ఉండటానికి కూడా న్యాయమైన కారణాలున్నాయి: అతని పని నిజమైనది, ఆ జీతం పనికే ఇచ్చారు, ఏ ప్రాజెక్టుకీ నష్టం రాలేదు. సైనికులు బాప్తిస్మమిచ్చు యోహానుని ఏం చేయాలని అడిగితే ఉద్యోగం మానేయమనలేదు, ఎవరినీ బాధపెట్టక జీతంతో తృప్తిపడమన్నాడు. ఎలీషా నయమానుని సమాధానంతో వెళ్లమన్నాడు, అతను మళ్లీ అన్యదేవత గుడిలో తన రాజు పక్కనే నిలబడాలని తెలిసి కూడా. దీన్నీ అతని ముందు పెట్టాను. అతన్ని కదిలించింది వేరే విషయం. ఆ కంపెనీలో ఉన్నంత కాలం మళ్లీ ఇలాంటి కాగితాలు అతని బల్ల మీదికి వస్తాయి. తన ఫైలు అలా ఉంచుకుని ఇంకొకరి ఫైలు మీద తీర్పు రాయలేనన్నాడు. భార్య కూడా, "అదొక్కటీ నాకు అర్థమైంది" అంది. అంతే, నిర్ణయం వాళ్లదే.

వకీలు చూసిన ఉత్తరం ఇచ్చాడు. విచారణ జరిగింది. అది పూర్తయ్యే దాకా టెన్షన్ మామూలుగా లేదు, పోలీసు ఫిర్యాదు దాకా పోతుందేమోనని. చివరికి రాజీనామా తీసుకున్నారు. బోనస్ పోయింది, గ్రాట్యుటీ పోయింది. ఒక సీనియర్ ఆయన పిలిచి, "ఎవరూ అడగకుండా ఎందుకు చెప్పావయ్యా" అని నిజంగానే అర్థంకాక అడిగాడట.

తర్వాత చాలా నెలలు పని దొరకలేదు. 2023 నుంచి ఐటీలో లేఆఫ్‌ల కాలం, మార్కెట్లో అతనికన్నా ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లే ఖాళీగా ఉన్నారు. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో, పాత జీతంలో సగం కన్నా కొంచెం ఎక్కువకి చేస్తున్నాడు. కింద టీమ్ లేదు. పిల్లలు స్కూలు మారారు, పెద్దపిల్లకి అది ఇంకా కోపంగానే ఉంది. ఫ్లాట్ నిలబడింది, అద్దె ఈఎంఐకి చాలడం లేదు, మిగతాది ఆమె జీతంలోంచి పోతోంది. రెండింతలు ఏమీ రాలేదు. ఈ కేసు ఎక్కడైనా చెప్పేటప్పుడు ఈ వివరాలు వదిలేసి చెప్పొద్దని అతనే కోరాడు.

తల్లి, సాక్ష్యం, ఆ కుర్రాడు

ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని అంతా చెప్పేస్తానన్నాడు. మా కాపరీ నేనూ ఒప్పుకోలేదు. చట్టపరంగా అప్పటికి విచారణ నడుస్తోంది, అది ఒక కారణం. అంతకన్నా ముఖ్యం, ఆ మైకే అతన్ని ఇన్నాళ్లు కట్టేసింది. విజయం చెప్పిన చోటే పతనం చెబితే, జనం మళ్లీ అతన్నే చూస్తారు, ఈసారి వీరుడిగా. నిజం విన్నవాళ్లలో అతని సాక్ష్యాన్ని నమ్మి ఏదైనా పోగొట్టుకున్నవాళ్లు ముందుండాలి. అందుకని శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరికి వెళ్లి తల్లికీ, ఊరి పాస్టరుకీ ఇంట్లోనే కూర్చుని చెప్పాడు.

తల్లి చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఆ డ్వాక్రా డబ్బు దానికా? నాకు చెబితే ఇంకో రెండేళ్లు కూలికి పోయేదాన్ని కదరా, నీకేం తొందరొచ్చింది" అందట. పాస్టరు గారు స్లాబ్ సంగతి ఎత్తలేదు. ఇతనే ఎత్తి, ఆ డబ్బు తప్పుడు ఉద్యోగంలోంచి వచ్చిందని బాధపడితే, "పని నువ్వు చేశావు, జీతం పనికి వచ్చింది. నీ సాక్ష్యం మాత్రం మేం ఇక ఎత్తం" అన్నారట. మంచి కాపరి మాట.

ఆఫర్ పోయిన ఆ కుర్రాడి నంబరు పట్టుకుని క్షమాపణ అడుగుతానన్నాడు. వద్దన్నాను. ఆ వివరాలు కంపెనీవి, వాటిని సొంతానికి వాడటం ఇంకో తప్పు. పైగా అతను రాసింది నిజమే, క్షమాపణ అడగాల్సింది అందులో లేదు. బదులుగా ఏం చేయగలడని ఆలోచిస్తే, మా సంఘంలోనే పీజీల నుంచి వచ్చే కుర్రాళ్లు ఉన్నారు. శనివారం సాయంత్రాలు మందిరం హాల్లో వాళ్లతో కూర్చుంటున్నాడు. గ్యాప్‌ని ఇంటర్వ్యూలో దాచకుండా ఎలా చెప్పాలి, చేసిన ప్రాజెక్టుని ఎలా చూపించాలి, సపోర్ట్ ఉద్యోగంలోనో కాంట్రాక్ట్ మీదనో తక్కువ ప్యాకేజీకి చేరి ఎలా పైకి రావాలి, యూఏఎన్ కాలంలో ఫేక్ ఎన్ని చోట్ల బయటపడుతుంది, అన్నీ చెబుతాడు. అందులో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కొందరు విసిగి ఫేక్ పెట్టేశారు. వాళ్లనీ రావద్దనడు.

ఈ కేసు నుంచి మేం మార్చుకున్నది

సంపాదన పాపమని నేను అనడం లేదు. దానియేలు మీద శత్రువులు ఎంత వెతికినా రాజ్యపాలన పనిలో తప్పు దొరకలేదు. లూదియ ఊదారంగు బట్టల వ్యాపారి, ఆమె ఇంట్లోనే ఫిలిప్పీ సంఘానికి ఆతిథ్యం దొరికింది. పనిలో గొప్పగా ఉండటం సాక్ష్యమే. కానీ మన కృతజ్ఞత కూడికలు చూడండి. ప్రమోషన్, వీసా, గృహప్రవేశం, పిల్లల ర్యాంకులు. హెబ్రీ 11వ అధ్యాయంలో రాజ్యాలు జయించినవారూ ఉన్నారు, వెంటనే రంపాలతో కోయబడినవారూ ఉన్నారు, ఇద్దరినీ ఒకే విశ్వాసంతో లెక్కించారు. మన మైకు ముందుకి మొదటి సగమే వస్తోంది. ప్రతి జీతం పెంపునీ దేవుని సంతకంగా చదివే సంఘంలో, ఆ జీతంలో ఏదో తేడా ఉందని తెలిసినవాడు నోరు తెరవలేడు. తెరిస్తే దేవుడే అబద్ధమాడినట్లవుతుందని భయపడతాడు. ఇతను పన్నెండేళ్లు మౌనంగా ఉండటానికి అసలు కారణం ఉద్యోగ భయం కన్నా ఇదే అని అతనే చెప్పాడు.

మా కాపరి కృతజ్ఞత కూడిక పద్ధతి మార్చారు. ఇప్పుడు ఎవరి జీతం, హోదా, ఫ్లాట్ గురించీ మైకులో చెప్పరు, అవి ఇంటి ప్రార్థనల్లో చెప్పుకుంటారు. నష్టపోయి నిలబడినవాళ్లని అడిగి పిలుస్తారు. లంచం ఇవ్వనందుకు కాంట్రాక్టు పోయిన ఒకాయన, ఆదివారం డ్యూటీ వద్దన్నందుకు రేటింగ్ తగ్గిన ఒకమ్మాయి మాట్లాడారు. కొందరు పెద్దలకి ఇది నచ్చలేదు, యవ్వనస్థులు నిరుత్సాహపడతారన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

ఇతను వెళ్లిన దారి అందరికీ చెప్పదగినది కాదు. ఇదే పరిస్థితిలో తర్వాత ఇంకొకతను వచ్చాడు, అతని భార్యకి డయాలసిస్ కంపెనీ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. అతనితో కంపెనీ మాట ఇప్పటికి ఎత్తలేదు. కొత్తగా ఏ ఫారంలోనూ ఆ అబద్ధం రాయకూడదన్నదగ్గర నిలబడ్డాం, ఇంట్లో చెప్పాడు, అక్కడే ఉన్నాం. ఇలాంటివాళ్లు వస్తే ఇప్పుడు నేను ముందుగా అడిగేవి ఇవే: ఇంట్లో ఎవరికి తెలుసు, ఈ వారంలో దేని మీదైనా సంతకం పెట్టాల్సి ఉందా, నిజం చెబితే దేవుడు తిరిగి ఏదైనా ఇస్తాడని ఎవరైనా మాటిచ్చారా. మూడోదానికి అవునని జవాబు వస్తే, మిగతా పనంతా ఆపి ముందు దాని మీదే కూర్చుంటాం.